ఫోన్‌లో రాముడు, గుడ్డ మీద రాముడు

(తిరుపతిలో చిత్రకళ విద్యార్థుల ముందు ఒక శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఏఐ గురించి, కళల గురించి మాట్లాడమని సార్ పిలిచారు. నేను కంప్యూటర్ చదివినోణ్ణి కాదు, గుడ్డ మీద బొమ్మలేసుకుని బతికేవాణ్ణి. పోయిన నెల మా ఇంట్లో జరిగిందాంతోనే మొదలుపెడతాను.

ఒక మేడమ్ వచ్చారు. పూజగదిలోకి శ్రీరామ పట్టాభిషేకం కావాలన్నారు. నేను పాత నమూనాలు తీయబోతే, "అవేం వద్దన్నా, డిజైన్ నా దగ్గరే ఉంది" అని ఫోన్ చూపించారు. ఏఐతో చేయించారంట. బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి. అంచులో హంసలు, తీగలు ముచ్చటగా కుదిరాయి. దగ్గర పెట్టుకుని చూస్తే లక్ష్మణస్వామి చేతికి ఆరు వేళ్లు. ఆంజనేయులు రాముడి పాదాల దగ్గర లేడు, వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. సీతమ్మ ఒళ్లంతా నీలం. మా పద్ధతిలో నీలం రాముడిది, ఆడవాళ్లకు పసుపు.

"ఇది ఇట్నే దించేయండన్నా, చాలు" అన్నారామె.

ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనీలేదు. ఇంతకాలం మేం గీసింది మిషన్లు అచ్చేసేవి. స్క్రీన్ ప్రింటు చీరలు వచ్చి మా పొట్ట కొట్టినప్పుడు కూడా, గీసింది మేమే కదా అని ఒక ధీమా ఉండేది. ఇప్పుడు మిషన్ గీస్తే అచ్చేసే పని నాది.

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ బొమ్మ ఎట్లా పుడుతుందిరా అని అడిగాను. బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చెరిపేసి, ఆ ఇసుకను కొంచెం కొంచెం దులుపుతూ బొమ్మను తేల్చడం మిషన్‌కు నేర్పుతారన్నాడు. అట్లా నేర్పడానికి 2022లో బయటపెట్టిన ఒక్క సేకరణలోనే 585 కోట్ల బొమ్మల జాబితా ఉందంట, పక్కన వాటి పేర్లతో సహా. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. నెట్‌లో కలంకారీ అని పేరు పెట్టి అమ్మే గుడ్డల్లో ఎక్కువ మిల్లు ప్రింట్లే. అంటే ఈ మిషన్ కలంకారీ నేర్చుకుంది మా దగ్గర కాదు, మమ్మల్ని కాపీ కొట్టినవాళ్ల దగ్గర! శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ పేరు మా ప్రాంతం పనికే చెల్లుతుందనే గుర్తింపు, వచ్చింది. అది గుడ్డకు కాపలా కాస్తుంది గానీ, ఫోన్‌లో కలంకారీ అని కొడితే వచ్చే బొమ్మకు ఎవరు కాపలా?

గుడ్డంటే గుర్తొచ్చింది. మీలో కసిమి, అంటే మేం గీతలు గీసే నల్ల రంగు, వాసన చూసినవాళ్లు ఎంతమంది? ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి మూడు వారాల దాకా పులియబెడతాం. కరక్కాయ, గేదె పాలు పట్టించిన గుడ్డ మీద పడితేనే అది నల్లగా తిరుగుతుంది. పాలు సరిగ్గా పట్టకపోతే గీత పాకిపోతుంది. పాకిన గీతను చెరపలేం, దాన్ని ఏ తీగలోనో ఆకులోనో కలిపేసుకోవాలి. మా నాయన వేసిన గుడ్డల్లో నాకు నచ్చిన ఆకులు సగం అట్లా పుట్టినవే.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఏఐని నేనూ వాడాను. ఒక పెద్ద గుడ్డకు అంచు తోచక అడిగితే పది రకాలు చూపించింది, ఒకటి తీసుకున్నాను. సుఖంగానే ఉంది. తర్వాత తట్టింది: మా నాయన నన్ను రెండేళ్లు ముఖాలు ముట్టుకోనీలేదు. అంచులు, చుక్కలు, ఆకులు, అంతే. మా వీధిలో పిలకాయలు చెయ్యి తిప్పుకునేదీ, నాలుగు రూకలు చూసేదీ ఆ అంచుల్లోనే. అది మిషన్‌కు ఇచ్చేస్తే ఇరవై ఏళ్ల తర్వాత ముఖం గీసేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? నా భయమంతా అదే. మీకు కూడా లోగోలు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు అట్లాంటి అంచులే కదా.

పాటల వాళ్లు ఇంకో తిప్పలు పడుతున్నారు. బాలు గారి గొంతును ఏఐతో పుట్టించి ఒక తెలుగు సినిమాలో వాడితే, మమ్మల్ని అడగలేదని వాళ్లబ్బాయి లీగల్ నోటీసు పంపారు. అదే ఏడు, 2024లో, రెహమాన్ గారు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఒక తమిళ పాటలో వినిపించారు. కుటుంబాలను అడిగాను, డబ్బిచ్చాను అన్నారు. పని ఒకటే. అడగడం, అడగకపోవడం, అక్కడే తేడా అంతా.

మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ఒక మాట చేరింది. కంప్యూటర్ పుట్టించిన రచనకు, దాన్ని పుట్టించిన మనిషే కర్త అని. ఏఐ బొమ్మల ఊసు లేని రోజుల్లో రాసింది. ఆ లెక్కన నా గుడ్డకు కర్త మేడమ్ గారేనా? వకీలును అడిగితే నవ్వి కాఫీ తెప్పించాడు.

చివరికి నేను వేశాను. ఆరో వేలు తీసేశాను, ఆంజనేయులును కిందికి దించాను, సీతమ్మకు పసుపు పెట్టాను. మేడమ్ ఏమీ అనలేదు. హంసలు మాత్రం ఫోన్‌లో ఉన్నట్టే ఉంచాను, బాగున్నాయి కాబట్టి. కింద మూల పేరు రాసే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. గుడ్డకు ఇంకో ఉతుకు పడాలి, స్వర్ణముఖిలో నీళ్లు లేవు.