మంచు యంత్రం మొరాయిస్తే

శ్రోతలకు నమస్కారం.

ఎండ మండిపోతున్న వేళ సాఫ్టీ కోసమో, గ్లాసు నిండా రంగు మంచుతో ఇచ్చే స్లష్ కోసమో వెళితే, "మెషీన్ పాడైందండీ" అన్న జవాబు ఎదురవడం చాలామందికి అనుభవమే. మనకైతే అది ఒక పూట నిరాశ. దుకాణదారుకు మాత్రం నడి సీజన్లో పోయిన బేరం. మెకానిక్కుకు కబురు వెళుతుంది. ఆయన వస్తాడు, పక్క రేకు విప్పి చూస్తాడు, "గ్యాస్ అయిపోయింది" అంటాడు, నింపి వెళతాడు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ యంత్రాలు ఉన్నట్టుండి ఆగిపోవడం అరుదు. చాలాసార్లు ముందునుంచే ఏదో ఒక సూచన ఇస్తూనే ఉంటాయి. ఆ సూచనను పోల్చుకోవాలంటే, అన్నీ సవ్యంగా ఉన్న రోజున ఆ యంత్రం ఎలా నడిచిందో మనకు తెలిసి ఉండాలి. ఇవాళ నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే.

ముందు లోపల జరిగే పని చూద్దాం. స్లష్ యంత్రంలో పారదర్శకమైన తొట్టి ఉంటుంది. దాని మధ్యలో అడ్డంగా ఒక సిలిండర్ ఉంటుంది. సిలిండర్ లోపల రిఫ్రిజిరెంట్, అంటే మెకానిక్కులు గ్యాస్ అనేది, ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. దాంతో సిలిండర్ పైన పలచటి మంచు పొర కడుతుంది. చుట్టూ నెమ్మదిగా తిరిగే మర ఆ పొరను ఎప్పటికప్పుడు గీకి పానీయంలో కలుపుతుంది. సాఫ్టీ యంత్రంలో ఇదే పని తిరగబడి జరుగుతుంది. అక్కడ మిశ్రమం సిలిండర్ లోపల ఉంటుంది, చల్లదనం బయటి నుంచి వస్తుంది. లోపల తిరిగే బ్లేడ్లు గోడను గీకుతూనే మిశ్రమంలోకి గాలిని చేరుస్తాయి. రెండింటిలోనూ చల్లబరిచే భాగం ఒకటి, తిప్పి గీకే భాగం ఇంకొకటి. ఈ రెండింటిలో ఏది తప్పిందో తేల్చుకోవాలి. అయితే అంతకంటే ముందు అనుమానించాల్సింది ఇంకొకటి ఉంది. అది మనం తొట్టిలో పోసిన పానీయమే.

స్లష్‌లో చక్కెర నాలుకకే కాదు, యంత్రానికీ కావాలి. నీరు గడ్డకట్టేటప్పుడు చక్కెరను తనలో కలుపుకోదు, బయటికి నెట్టేస్తుంది. దాంతో మిగిలిన ద్రవంలో తీపి చిక్కబడుతుంది. చిక్కబడిన కొద్దీ అది గడ్డకట్టడానికి మరింత చల్లదనం కావాలి. సున్నాకు 2, 3 డిగ్రీల దిగువన కూడా తొట్టిలోని పానీయం బిగుసుకుపోకుండా, మంచు రేణువులూ రసమూ కలగలిసిన ముద్దగా నిలబడేది ఇందువల్లే. దీనికి ప్రతి 100 గ్రాముల పానీయంలో 13 గ్రాముల చక్కెర ఉంటే చక్కగా సరిపోతుంది. ఈ కొలతనే 13 బ్రిక్స్ అంటారు. తయారీదారులు సాధారణంగా 12 నుంచి 15 మధ్య ఉంచమని చెబుతారు.

ఈ అంకె 10 కంటే బాగా దిగజారితే సిలిండర్ మీద గట్టి మంచు పేరుకుంటుంది. మర దాన్ని గీకలేక కిర్రుకిర్రుమంటుంది. అలాగే వదిలేస్తే మర విరగవచ్చు, గేర్లు అరిగిపోవచ్చు. 20 దాటిందంటే గంటల తరబడి నడిపినా చల్లటి షర్బత్తే తప్ప మంచు కనిపించదు. చూసేవారికి మొదటిది మోటారు జబ్బులాగా, రెండోది గ్యాస్ తగ్గినట్టుగా తోస్తుంది. నిజానికి రెండూ సిరప్పులో నీళ్లు కలిపిన చేతి పొరపాట్లే. పోల్చుకోవడానికి రిఫ్రాక్టోమీటర్ అనే జేబులో పట్టే పరికరం ఉంది. దాని గాజు పలక మీద ఒక చుక్క వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పెట్టి చూస్తే, నీలం ఆగి తెలుపు మొదలయ్యే గీత దగ్గర అంకె చదువుకోవచ్చు. కానీ అప్పటికే మంచు కట్టిన తొట్టి నుంచి చుక్క తీయకండి. నీళ్లు మంచుగా మారిపోయి మిగిలిన రసం చిక్కగా ఉంటుంది కాబట్టి అంకె ఎక్కువ చూపిస్తుంది. గడ్డకట్టించక ముందు కొలవాలి, లేదా పూర్తిగా కరిగించి కొలవాలి.

చక్కెర లేని రకాల గురించి ఒక మాట. సిరప్పు మార్చి "షుగర్ ఫ్రీ" పోసిన రోజు నుంచే యంత్రం మొండికేసిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. చక్కెర చేసే పనిని ఇంకొకటి చేయాలి, అలాంటి పానీయాల్లో సాధారణంగా గ్లిసరాల్ కలుపుతారు. గ్లిసరాల్ ఉన్న స్లష్‌ను 7 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దని 2025లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ సూచించింది. పిల్లలున్న ఇంట్లోవాళ్లు అడిగి తెలుసుకోవాల్సిన విషయమే.

ఇప్పుడు యంత్రంలోకి వెళదాం. చాలినంత మంచు కట్టిందని దానికి ఎలా తెలుస్తుంది? ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తుందని చాలామంది అనుకుంటారు. చాలా యంత్రాలు నిజానికి చూసేది చిక్కదనాన్ని. కొన్ని స్లష్ యంత్రాల్లో మోటారును కదలకుండా బిగించరు, స్ప్రింగు మీద ఆనించి ఉంచుతారు. పానీయం చిక్కబడిన కొద్దీ మరకు ఎదురు ఒత్తిడి పెరిగి మోటారు ఒళ్లు కొద్దిగా పక్కకు తిరుగుతుంది. ఒక హద్దు దాటగానే పక్కనున్న చిన్న స్విచ్చి నొక్కుకుని చల్లబరచడం ఆగుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డున్న యంత్రాలైతే మోటారు లాగే కరెంటును కొలుస్తాయి. మిశ్రమం చిక్కబడితే తిప్పడం కష్టమవుతుంది, ఆంపియర్లు పెరుగుతాయి, అనుకున్న అంకెకు చేరగానే గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ నిలుస్తుంది.

నాకు ఈ పద్ధతి ఎంతో ఇష్టం. ఎందుకంటే ఉష్ణోగ్రత, కరెంటు అనే ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే లోపం దాదాపు తనంతట తానే బయటపడుతుంది. ఉష్ణోగ్రత దిగుతోంది, కరెంటు మాత్రం పెరగడం లేదంటే చల్లబరిచే భాగం బాగానే ఉంది. మోటారు తిరుగుతున్నా బెల్టు జారుతూ ఉండవచ్చు, మరను మోటారుకు కలిపే కప్లింగు తెగి ఉండవచ్చు. చక్కెర మరీ ఎక్కువైనా లక్షణం ఇదే. స్లష్ అయితే తొట్టిలోకి తొంగిచూస్తే మర తిరుగుతోందో లేదో తెలిసిపోతుంది. సాఫ్టీకి ఆ వీలు లేదు కాబట్టి కీచుమనే బెల్టు చప్పుడు కోసం చెవి ఒగ్గాలి. ఇందుకు విరుద్ధంగా, మిశ్రమం ఇంకా చల్లబడనే లేదు, కరెంటు మాత్రం ఎక్కువగా ఉందంటే ఎక్కడో రాపిడి ఉంది. సీలు ఎండిపోయి ఉంటుంది, బేరింగు పట్టేస్తూ ఉంటుంది, లేదా గేర్‌బాక్స్ జామవుతోంది. ఈ దశలో యంత్రాన్ని మోసం చేసేది కూడా ఈ రాపిడే. కరెంటు పెరిగింది కాబట్టి మంచు కట్టేసిందని బోర్డు పొరబడి కంప్రెసర్‌ను ఆపేస్తుంది, కస్టమరుకు పలచటి సాఫ్టీ అందుతుంది. ఇక ఉష్ణోగ్రతా దిగక, కరెంటూ పెరగకపోతేనే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, గ్యాస్ వైపు చూడాలి.

ఈ రెండింటితో పాటు రాసుకోవాల్సిన మూడో అంకె సమయం. కొత్త మిశ్రమం పోశాక మొదటి సాఫ్టీకి ఎన్ని నిమిషాలు పట్టింది? స్లష్‌కు ఎంత సేపు? యంత్రాన్ని బట్టి సాఫ్టీకి పది, పదిహేను నిమిషాలు, స్లష్‌కు గంట అటూ ఇటూ పడుతుంది. మీ యంత్రానికి మీరు రాసుకున్న అంకే ప్రమాణం. అది వారం వారం మెల్లగా పెరుగుతోందంటే కండెన్సర్‌లో దుమ్ము పేరుకుంటోంది, లేదా బ్లేడ్లు అరుగుతున్నాయి. అరిగిన బ్లేడు గోడ మీది మంచును పూర్తిగా గీకదు. మిగిలిపోయిన ఆ పొర చల్లదనానికి దుప్పటిలా అడ్డుపడుతుంది. అదే ఒక్క రోజులో సమయం రెట్టింపైందంటే ఫ్యాను ఆగిందేమో, కరెంటు వోల్టేజీ పడిపోయిందేమో చూడాలి.

కండెన్సర్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఈ యంత్రాల వేసవి కష్టాల్లో పెద్ద వాటా దానిదే. లోపల లాగిన వేడిని బయటికి వదిలేది అదే కదా. పక్కన అట్టపెట్టెలు పేర్చి, గోడకు ఆనించి, వెనక నుంచి వేడి గాలి వీచే చోట పెట్టి, చల్లబడలేదని దాన్ని నిందించడం న్యాయం కాదు. ఒక పలచటి కాగితాన్ని గాలి పీల్చుకునే జాలీ దగ్గర పెట్టి చూడండి. కాగితం జాలీకి అంటుకుని నిలబడితే గాలి ఆడుతున్నట్టే. జారి కింద పడిందంటే ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్షుతో రెక్కల మీది దుమ్ము దులపాల్సిన రోజు వచ్చిందన్నమాట. కంప్రెసర్ కొన్ని సెకన్లు గుయ్యిమని, టిక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ గుయ్యిమంటుంటే మాత్రం దులపడంతో సరిపెట్టుకోకుండా స్విచ్చి ఆపేయండి. వోల్టేజీ తక్కువై ఉండవచ్చు, స్టార్టింగ్ కెపాసిటర్ పోయి ఉండవచ్చు. అలాగే వదిలేస్తే కంప్రెసరే కాలిపోతుంది.

ఇక గ్యాస్. మూసి ఉన్న గొట్టాల్లో చుట్టూ తిరిగే పదార్థం ఎంత వాడినా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు కనిపెట్టకుండా మళ్లీ నింపడం మరమ్మతు కాదు, వాయిదా. సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయా అని చూశారా, ఏ అతుకు దగ్గర దొరికింది అని మెకానిక్కును మర్యాదగానే అడగండి. ఈ మధ్య వస్తున్న చిన్న యంత్రాలు చాలావాటిలో ప్రొపేన్ నింపుతున్నారు. అది మండే వాయువు కాబట్టి దాని జోలికి తెలిసినవాళ్లే వెళ్లాలి.

సాఫ్టీకి సొంత చిక్కులు కొన్ని ఉన్నాయి. నాజిల్ దగ్గర చిటపటలాడుతూ చిమ్ముతోందంటే పైతొట్టిలో మిశ్రమం అడుగంటి ఉంటుంది, లేదా గాలి గొట్టం సరిగా అమరలేదు. గాలి ఎంత చేరుతోందో చూడటానికి చిన్న తక్కెడ చాలు. ఒక కప్పు నిండా పచ్చి మిశ్రమం 140 గ్రాములు తూగి, అదే కప్పు నిండా సాఫ్టీ 100 గ్రాములు తూగితే, మిశ్రమం పరిమాణానికి 40 శాతం గాలి కలిసినట్టు. ఈ అంకె పడిపోయిందంటే గాలి దారి మూసుకుపోయి ఉంటుంది. అమ్మకాలు లేని రోజు అదే మిశ్రమం సిలిండర్‌లో చిలికి చిలికి వెన్న రేణువులుగా తేలడం కూడా ఉంటుంది. అది యంత్రం తప్పు కాదు. అన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మేది వెనకాల ఉండే చిన్న చుక్కల ట్రేని. బ్లేడ్లను తిప్పే ఇరుసు సిలిండర్ వెనక గోడ గుండా వస్తుంది. అక్కడి రబ్బరు సీలు అరిగితే పాలు ఆ ట్రేలోకి కారతాయి. రోజూ సాయంత్రం ఆ ట్రే బయటికి లాగి చూస్తే, ఒకటి రెండు చుక్కలు కాస్తా చెంచాడు పాలయ్యే సరికే సీలు మార్చేయవచ్చు. ఆలస్యం చేస్తే ఆ పాలు బేరింగులోకి పాకుతాయి. చెంచాడు పాలను పట్టించుకోనందుకు గేర్‌బాక్స్ కొనాల్సి వస్తుంది.

ఏ మీటరుకూ చిక్కని లోపం ఇంకొకటి ఉంది, అది మురికి. 2023లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక రెస్టారెంటులో మిల్క్‌షేక్‌లు తాగినవారిలో ఆరుగురు లిస్టీరియా అనే బాక్టీరియా సోకి ఆసుపత్రి పాలయ్యారు, వారిలో ముగ్గురు చనిపోయారు. ఐస్‌క్రీమ్ యంత్రాలను సరిగా శుభ్రం చేయకపోవడమే కారణమని అధికారులు తేల్చారు. ఆ యంత్రాలు చక్కగా నడుస్తూనే ఉన్నాయి, చల్లగానే ఇచ్చాయి. లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది, గడ్డకట్టించినా చావదు. ఓ-రింగు కింద, నాజిల్ గాడిలో, సీలు ముడతలో పేరుకునే జిగురులో అది తలదాచుకుంటుంది. అందుకని విప్పి కడిగేటప్పుడు ప్రతి రబ్బరు రింగునూ తీసి వేలితో తడిమి చూడాలి. జారుతున్నట్టుంటే కడగడం అయిపోలేదు. పైతొట్టిలో మిశ్రమం 5 డిగ్రీలు దాటకూడదు. ఆ అంకె కోసం తెర ఒక్కదాన్నే నమ్మవద్దు, సెన్సరు కూడా తప్పు చెప్పవచ్చు. విడిగా ఒక థర్మామీటరు ముంచి చూడటం మంచిది.

పాల మిశ్రమాన్ని రాత్రిపూట తనంతట తానే వేడిచేసి మళ్లీ చల్లబరిచే పెద్ద యంత్రాలు కొన్ని ఉన్నాయి. సుమారు 66 డిగ్రీల వద్ద అరగంట నిలపాలి, తర్వాత నిర్ణీత సమయంలో చల్లార్చాలి. మధ్యలో ఏ అంకె తప్పినా ఉదయానికి యంత్రం తాళం వేసుకుని, తెర మీద అర్థంకాని కోడ్ చూపిస్తుంది. తొట్టిలో మిశ్రమం నిండుగా లేకపోయినా, మరీ నిండుగా ఉన్నా అలా జరగవచ్చు. కోడ్ అర్థం తెలిస్తే చాలాసార్లు దుకాణంలోనే సరిదిద్దుకోవచ్చు. తెలియకపోతే కంపెనీ మనిషి వచ్చేదాకా కూర్చోవాలి. ఇది అమెరికాలో పెద్ద వివాదమే అయింది. దుకాణాల్లో వాడే ఆహార తయారీ యంత్రాలను మరమ్మతు చేయడానికి వాటి సాఫ్ట్‌వేర్ తాళాన్ని దాటవచ్చని 2024 అక్టోబరులో అక్కడ కాపీరైట్ చట్టం కింద మినహాయింపు ఇచ్చారు. ఆ తాళం తీసే పరికరాన్ని తయారుచేసి ఇతరులకు అమ్మడానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి కొత్త యంత్రం కొనేవాళ్లు రంగూ, ధరా మాట్లాడటానికి ముందే కోడ్‌ల పట్టిక, సర్వీసు మెనూ పాస్‌వర్డు ఇస్తారా అని అడగండి, ఇస్తామంటే బిల్లు మీద రాయించుకోండి.