ఇటు లెక్కలో లేడు, అటు లెక్కలో లేడు

అందరికీ నమస్కారం. నేను డాక్టర్‌ని కాను, ఇక్కడే పర్లాకిమిడిలో ఉంటాను, హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, ఉన్న పిల్లాడి తల్లిని.

మూడేళ్లప్పుడు మావాడి కుడి మోకాలు బత్తాయి కాయలా ఉబ్బి, ముట్టుకుంటే సలసల కాలిపోతూ, కాలు చాపలేక రాత్రంతా ముడుచుకునే పడుకున్నాడు. ఒక ఆసుపత్రిలో బెణికిందని కట్టు కట్టి పంపేశారు. కీలు లోపల రక్తం కారుతోందని, ఒంట్లో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ తక్కువని తెలిసేసరికి ఇంకో ఏడాది గడిచింది. ఈలోగా మా అత్తగారు, నీ పుట్టింటి నుంచి తెచ్చావు అన్నారు. నిజానికి మూడింట ఒక వంతు పిల్లల ఇళ్లలో అంతకుముందు ఈ జబ్బు ఎవరికీ ఉండదు.

ఈ సంగతి మనకి పరిశోధన వల్లే తెలిసింది. మంచులా గడ్డకట్టించిన ప్లాస్మాని, అంటే రక్తంలోని పసుపు ద్రవాన్ని, చల్లగానే మెల్లగా కరగనిస్తే అడుగున మిగిలే కాస్త తెల్లటి పదార్థంలో ఫ్యాక్టర్ 8 ఉంటుందని 1964లో జూడిత్ పూల్ చూపించారు. క్రయో అని మనం ఎక్కించుకునేది అదే. అక్కడి నుంచి 2024కి వస్తే, మన వెల్లూరు సీఎంసీ డాక్టర్లు ఈ జబ్బున్న ఐదుగురికి వాళ్ల మూలకణాల్లోనే ఫ్యాక్టర్ 8 తయారుచేసే జీన్ పెట్టి ఎక్కించామని ప్రకటించారు, ఆ తర్వాత గమనించిన కాలంలో ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. చదివి ఏడ్చేశాను.

కానీ ఐదుగురితో ఆగితే ఎలా? ఇలాంటి చికిత్సని ఏళ్ల తరబడి గమనించాలి, దానికి నిధులు కావాలి, ప్రభుత్వాల్ని గట్టిగా అడుగుదాం. పరిశోధన లెక్కలోకి వచ్చే మనుషులు కూడా కావాలి. సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి హీమోఫీలియా ఏ, అంటే ఫ్యాక్టర్ 8 తక్కువయ్యే రకం, ఉంటుందంటారు, మరి మన గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో వాళ్లంతా ఏరి? మావాడికి ఒక పరీక్ష బరంపురంలో, ఇంకోటి విశాఖలో చేయించాం, ఇటు కాగితం అటు చేరలేదు, చాలాకాలం రెండుచోట్లా లెక్కలో లేడు. పక్కనే ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే రాష్ట్రం మారుతుంది కానీ రక్తం మారదు కదమ్మా! ఫ్యాక్టర్ ఎక్కించుకుంటూ ఉంటే కొందరి ఒంట్లో దానికే ఎదురుతిరిగే ఇన్హిబిటర్లు తయారవుతాయి, ఎవరికి ఎందుకో తేలాలంటే మన పిల్లల వివరాలూ ఉండాలి.

ఇదిగో మావాడి నోటుబుక్కు. "ఎడమ మడమ, స్కూలు నుంచి నడిచొచ్చాక. ఫ్యాక్టర్ పడ్డ ఆరు గంటలకి నొప్పి తగ్గింది." ఇంతే రాస్తాను, ప్రతిసారీ రాస్తాను, డాక్టర్ ముందుగా అడిగేది దీన్నే.

ఆ బల్ల మీద ఖాళీ పుస్తకాలు పెట్టాను, తలొకటి తీసుకోండి. మొదటి పేజీలో పిల్లాడి ఫ్యాక్టర్ శాతం రాయండి. అది తెలియనివాళ్లు ఇవాళ వెళ్లిపోకండి, పరీక్ష ఎక్కడ చేయించాలో కూర్చుని మాట్లాడుకుందాం.