ఏ ఊరు? రాత్రి ఎక్కడ పడుకున్నారు? : జనరల్ మెడిసిన్ పీజీ మూడేళ్ళలో నేర్చుకునేది

(తెర మీద: శ్రీకాకుళం పెద్దాసుపత్రి ఓపీ ముందు పొద్దుటి వరుస. మాట వెనక నుంచి.)

నమస్కారం. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోక పెద్దాసుపత్రిలో చేర్పిస్తే, మంచం దగ్గరికి ఎక్కువసార్లు వచ్చేది ప్రొఫెసర్ గారు కాదు. చంకలో కేస్ షీట్లు, మెడలో స్టెతస్కోప్, రాత్రి నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు... ఇలా ఒక కుర్ర డాక్టరు వస్తారు. "చదువుకునే పిల్లలతో చూపిస్తన్నారండీ, పెద్ద డాక్టరు రావట్లేదు" అని చాలామంది దిగులుపడతారు. ఆ కుర్ర డాక్టరు ఎవరు, ఎవరి అజమాయిషీలో పనిచేస్తారు, ఆ మూడేళ్ళలో ఏం నేర్చుకుంటారు? ఇదీ ఈ వీడియో.

ముందు ఆ దిగులు సంగతి. మీరు చూస్తున్నది ఎంబీబీఎస్ పాసై, హౌస్ సర్జన్సీ పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టర్నే. నీట్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఎండీ జనరల్ మెడిసిన్‌లో చేరారు. కోర్సు మూడేళ్ళు. ఆస్పత్రిలో అందరూ పీజీ అంటారు, కాగితాల్లో జూనియర్ రెసిడెంట్ అని ఉంటుంది.

(తెర మీద: యూనిట్ బోర్డు, కింద ఓపీ రోజు.)

మన ఆస్పత్రుల్లో మెడిసిన్ డిపార్ట్‌మెంట్ యూనిట్లుగా ఉంటుంది. యూనిట్‌కి ఒక చీఫ్, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్, పీజీలు, హౌస్ సర్జన్లు. సోమవారం, మంగళవారం ఇలా వారంలో ఫలానా రోజు ఫలానా యూనిట్ ఓపీ. ఆ రోజు చేరినవాళ్ళ బాధ్యత డిశ్చార్జి దాకా ఆ యూనిట్‌దే. పీజీ రాత్రి ఏ మందు రాసినా పొద్దున రౌండ్స్‌లో "ఎందుకు రాశావు?" అని చీఫ్ అడుగుతారు. జవాబు చెప్పలేకపోతే మంచం పక్కనే నిలబెట్టి మళ్ళీ పరీక్ష చేయిస్తారు. కాబట్టి పెద్ద డాక్టరు మీకు కనపడకపోయినా మీ కేసు ఆయనకి తెలుసు.

మొదటి ఏడాది ఎక్కువగా చేతిపని: పొట్టలో నీరు తీయడం, వెన్నులోంచి నీరు తీయడం, ఈసీజీ చదవడం, కేస్ షీట్ తిన్నగా రాయడం. రెండో ఏడాదికి సొంతంగా నిర్ణయాలు మొదలవుతాయి. మూడో ఏడాది జూనియర్లకి చెప్పడం, మధ్యలో థీసిస్, చివర నాలుగు థియరీ పేపర్లు, బయటి ఎగ్జామినర్ల ముందు రోగుల్ని పరీక్షించి చెప్పే లాంగ్ కేస్, షార్ట్ కేసులు, నోటి పరీక్ష వైవా. ఇదంతా సిలబస్‌లో దొరుకుతుంది. నేను చెప్పాలనుకున్నది సిలబస్‌లో అంతగా కనపడదు. ఏ రోగిని ఏ ప్రశ్న అడగాలో తెలియడమే జనరల్ మెడిసిన్. ఆ ప్రశ్నలు ఊరిని బట్టి మారతాయి.

(తెర మీద: జిల్లా పటం. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా తీరం వెంట గీత.)

శ్రీకాకుళంలో పీజీ చేసేవాళ్ళు పేరు తర్వాత అడగాల్సింది "ఏ ఊరు?" అనే. మర్యాద కోసం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు అని వినపడిందంటే అది ఉద్దానం. కొబ్బరి, జీడితోటల మధ్య కిడ్నీ జబ్బు తరాలుగా పీడిస్తున్న నేల. మామూలుగా కిడ్నీ పాడైతే కాళ్ళు వాస్తాయనో, బీపీ పెరుగుతుందనో, మూత్రంలో ప్రోటీన్ బాగా పోతుందనో అనుకుంటాం. ఉద్దానం రోగిలో చాలాసార్లు అవేవీ పెద్దగా ఉండవు. ఆకలి తగ్గింది, నీరసంగా ఉంది అని వస్తారు. రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తే అప్పటికే బాగా పెరిగి ఉంటుంది. కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కానీ పీజీ చేయగలిగింది చాలా ఉంది. ఒళ్ళు నొప్పులని వచ్చిన ఆ ఊరి జీడితోట కూలీకి కిడ్నీ పరీక్ష చూడకుండా నొప్పి బిళ్ళలు రాయకూడదు. స్కాన్‌కి రంగుమందు ఎక్కించే ముందు ఆలోచించాలి. యాంటీబయాటిక్ మోతాదు కిడ్నీ పనితీరును బట్టి తగ్గించాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా జబ్బు మొదట బయటపడాల్సింది ఇలాంటి మామూలు ఓపీలోనే.

అదే మనిషి సీతంపేట కొండల నుంచి చలిజ్వరంతో వచ్చారనుకోండి, ముందు మలేరియా చూడాలి, రక్తం తక్కువగా ఉంటే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ కూడా గుర్తు రావాలి. పొలంలో తిరిగి జ్వరంతో వచ్చినవాళ్ళకి బట్టలు కొంచెం పక్కకి తీసి చంకలు, గజ్జలు వెతకాలి. కాల్చినట్టు ఒక నల్లటి మచ్చ దొరికితే స్క్రబ్ టైఫస్ (సన్నటి పురుగు కుట్టి వచ్చే జ్వరం) అనుమానించాలి. మచ్చ నొప్పి పుట్టదు కాబట్టి రోగి చెప్పరు. వెతికినవాళ్ళకే దొరుకుతుంది.

(తెర మీద: క్యాజువాలిటీ, తెల్లవారుజాము.)

ఇప్పుడు ఒక కేసు చూద్దాం. నేర్పడం కోసం అల్లింది, కానీ వానాకాలం మన జిల్లాల్లో పనిచేసిన ఏ పీజీకైనా పరిచయమే. పాతికేళ్ళ కుర్రాడిని ఆటోలో తెచ్చారు. "డాక్టరమ్మా, రాత్రి బాగానే తొంగున్నాడండి. తెల్లారగట్ట కడుపులో నొప్పని లేచాడు, రెండుసార్లు కక్కాడు. గ్యాసనుకున్నాం. ఇప్పుడేటో కళ్ళు మూసుకుపోతన్నాయి."

గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పక్క మంచానికి వెళ్ళిపోతే ఆ కుర్రాడు దక్కడు. పీజీ అడగాల్సింది ఒకటే: "రాత్రి ఎక్కడ పడుకున్నాడు?" నేల మీద చాప వేసుకుని అంటే, కట్లపాము అనుమానించాలి. దాని కాటు నిద్రలో తెలియకపోవచ్చు, వాపు ఉండదు, గాటు కనపడకపోవచ్చు. రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం... ఆ తర్వాత ఊపిరి కండరాలు. పీజీ పక్కన నిలబడి "ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టు తమ్ముడూ" అంటారు. ముందు ముప్పై దాకా వెళ్ళినవాడు కాసేపటికి పదిహేను దగ్గరే ఆగితే వెంటిలేటర్ సిద్ధం చేయాలి. ఇందుకు ఏ యంత్రమూ అక్కర్లేదు. గంటకోసారి వచ్చి మళ్ళీ లెక్కపెట్టించే మనిషి కావాలి.

రక్తపింజర అయితే వేరే పరీక్ష. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి ఉంచాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డ కట్టకుండా జారిపోతే విషం రక్తంలోకి ఎక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుతో కడిగినదీ పనికిరాదు, ఫలితం తారుమారవుతుంది. లక్షణాలు తేలితే విరుగుడు మందు పది వయల్స్‌తో (చిన్న సీసాలతో) మొదలు. చిన్నపిల్లలకీ అంతే, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి బరువును బట్టి తగ్గదు. పక్కనే సిరంజిలో అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి, విరుగుడుకే ఎలర్జీ వచ్చే అవకాశం ఉంది. ఆరు గంటల తర్వాత మళ్ళీ గాజు గొట్టం. పుస్తకంలో ఇది అరపేజీ. ఆ 20 నిమిషాలు గడియారం చూస్తూ రోగి తల్లికి ధైర్యం చెప్పడం వార్డులోనే వస్తుంది.

2008లో శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చేదాకా ఇలాంటి కేసుల్లో చాలావాటికి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్చే దిక్కు. విజయనగరానికి ప్రభుత్వ కళాశాల 2023లో వచ్చింది. దారిలో పోయే సమయం తగ్గడం ఒక లాభం. ఇక్కడి జబ్బులు ఇక్కడే చూసి డాక్టర్లు తయారవడం రెండోది, నా దృష్టిలో అంతకంటే పెద్దది. పీజీలు మూడు నెలలు జిల్లా స్థాయి ఆస్పత్రిలో పనిచేయాలన్న నిబంధన కూడా అందుకే. దాన్ని కొందరు సెలవులా చూస్తారు. అన్ని పరీక్షలూ చేతికందని చోట నిర్ణయం తీసుకోవడం నేర్చుకునే సమయం అది, వదులుకోకండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రెసిడెంట్ల డ్యూటీ వారానికి 48 గంటలు, ఒక విడతకి 12 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2023 పీజీ వైద్య విద్య నిబంధనలు వారానికో సెలవు, తగినంత విశ్రాంతి ఇవ్వాలంటున్నాయి. అయినా దేశంలో చాలాచోట్ల 24, 36 గంటల డ్యూటీలు నడుస్తూనే ఉన్నాయి. ముప్పయ్యో గంటలో ఉన్న డాక్టరుకి "రాత్రి ఎక్కడ పడుకున్నారు" అన్న ప్రశ్న తట్టదు. ఓర్పు నేర్పుతున్నాం అనే సీనియర్లతో నేను ఏకీభవించను. నష్టపోయేది రోగి.

(తెర మీద: మందుల సంచి, డిశ్చార్జి కాగితం దగ్గరగా.)

చివరగా రోగి వెంట వచ్చేవాళ్ళకి. వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా సంచిలో వేసి తెండి, ఆర్‌ఎంపీ ఇచ్చినవీ, నాటుమందూ కూడా. దాచకండి, ఎవరూ తిట్టరు. పురుగుమందు తాగిన కేసైతే డబ్బా తప్పకుండా తేవాలి, మందును బట్టి విరుగుడు మారుతుంది. పాముని మాత్రం చంపి తేవక్కర్లేదు, ఆ వెతుకులాటలో సమయం పోతుంది, ఇంకొకరిని కాటేస్తుంది. డిశ్చార్జి కాగితం మీద యూనిట్ నంబరు, ఓపీ రోజు రాసి ఉంటాయి. మళ్ళీ చూపించుకోవడానికి వారంలో ఆ రోజే రండి. వేరే రోజు వస్తే కొత్త యూనిట్ కథంతా మొదటి నుంచి అడగాలి. ఆ రోజైతే మిమ్మల్ని చేర్చుకున్న యూనిట్ డాక్టర్లే కూర్చుంటారు.