మీ వీధిలో పర్యావరణం గురించి మాట్లాడాలా? సీసాడు మట్టితో మొదలుపెట్టండి

నమస్కారం. ఈ సీసా చూశారా? మూడో వంతు మట్టి, మిగతాదంతా నీళ్ళు, పైన కాస్త ఖాళీ. చిటికెడు బట్టల సబ్బు పొడి కూడా వేశాను. మూత గట్టిగా బిగించి బాగా గిలక్కొట్టాలి. నిజానికి రెండు మూడు నిమిషాలు కొట్టాలి. కెమెరా ముందు అంతసేపు కొడితే మీరు వీడియో మార్చేస్తారు కాబట్టి సగం పని ముందే చేసుకొచ్చాను. అయిపోయింది. ఇదిగో, బల్ల మీద పెడుతున్నా. ఇక దీన్ని కదపకూడదు. చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

నలుగురిని కూర్చోబెట్టి పర్యావరణం గురించి ఓ గంట మాట్లాడాలనుకునేవాళ్ళ కోసం ఈ వీడియో. అపార్ట్‌మెంట్ కావచ్చు, బడి, లైబ్రరీ, పార్కు ఏదైనా కావచ్చు. మీరు శాస్త్రవేత్త కానక్కర్లేదు. నేనూ కాను.

నా మొదటి ప్రసంగం సంగతి చెప్పాలి. 60 స్లయిడ్లు చేసుకెళ్ళాను. కరిగిపోతున్న మంచు, బక్కచిక్కిన ధ్రువపు ఎలుగుబంటి, ఎర్ర గీతల గ్రాఫులు. పదిహేనో స్లయిడ్ కల్లా ముందు వరుసలో ఒక పెద్దాయన హాయిగా నిద్రపోయారు. అంతా అయ్యాక ఒక్కటంటే ఒక్క ప్రశ్న వచ్చింది: "మా మెట్ల దగ్గర వాన పడ్డప్పుడల్లా నీళ్ళు నిలబడుతున్నాయండీ, ఏం చేయమంటారు?" నా దగ్గర జవాబు లేదు. ధ్రువాల దాకా తిప్పి తెచ్చాను గానీ, ఆ మెట్లు ఎక్కడున్నాయో కూడా నాకు తెలీదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, సరిగ్గా ఆ పనే చేశాను.

అప్పటినుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నా. కూర్చున్న కుర్చీ నుంచి లేచి, నడిచి వెళ్ళి చూడగలిగిన దాని గురించే మాట్లాడతాను. భూగోళం సంగతి దాని వెనకాలే వస్తుంది.

అందుకే మొదటి పని స్లయిడ్లు కాదు, నడక. ప్రసంగానికి వారం ముందు ఆ చుట్టుపక్కల రెండుసార్లు తిరగండి, ఒకసారి తెల్లవారగానే, ఇంకోసారి చీకటి పడ్డాక. పొద్దున పక్షులు కనపడతాయి. రాత్రి దీపాల చుట్టూ తిరిగే పురుగులు కనపడతాయి, ఏ దీపం దగ్గర ఎక్కువ ముసురుతున్నాయో కూడా తెలుస్తుంది. వాన లేని రోజైనా నీళ్ళు ఎటు పారతాయో నేల చెప్పేస్తుంది: ఎండిన బురద చార, గోడ అడుగున మరక, మట్టి కొట్టుకుపోయి బయటపడ్డ చెట్టు వేళ్ళు. రాలిన ఆకులు ఎక్కడికి పోతున్నాయి? ఎవరైనా ఊడ్చి తగలబెడుతున్నారా? ఫోనుతో ఫొటోలు తీసుకోండి. మీ స్లయిడ్లు అవే. పదిహేను దాటనివ్వకండి.

పేరు తెలియని మొక్క, పురుగు కనపడితే ఐనాచురలిస్ట్ యాప్ ఉంది. 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీలో కొందరు విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. ఫొటో పెడితే యాప్ ఒక పేరు ఊహిస్తుంది, తర్వాత తెలిసిన మనుషులు సరిచూస్తారు. ఆ రెండో మెట్టు అయ్యేదాకా ఆగండి. యాప్ మొదట చెప్పిన పేరు నమ్మి నేను మైకులో ఘనంగా చెబితే, ఎనిమిదేళ్ళ పాప లేచి "అది కాదు" అంది. పాపే కరెక్టు.

మామూలు జనం లెక్కపెట్టడం కొత్తేం కాదు లెండి. అమెరికాలో క్రిస్మస్ రోజున పక్షుల వేటకి వెళ్ళే అలవాటు ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, ఈసారి కాల్చొద్దు, లెక్కపెడదాం అన్నారు. మొదటి ఏడాది వచ్చింది 27 మంది. ఆ లెక్క ఇప్పటికీ ఏటా జరుగుతోంది. ఎవరైనా "మేం చూసి రాసుకుంటే ఏం ఒరుగుతుంది" అంటే నేను ఈ కథే చెబుతాను.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మాటల కంటే ముందు కళ్ళకి ఏదైనా చూపించాలి. నేను ఎప్పుడూ చేసేది ఇది.

(కెమెరా బల్ల దగ్గరికి)

మూడు పెద్ద నీళ్ళ సీసాలు. అడ్డంగా పడుకోబెట్టి పై భాగం కోసేశాను, మూతి వైపు కొంచెం వంచి పెట్టాను. మూడింట్లోనూ ఒకే మట్టి. మొదటిది ఉత్త మట్టి. రెండోదాని మీద ఎండుటాకులు పరిచాను. మూడోదాంట్లో గడ్డి పెరిగి ఉంది. ఒక్కో మూతి కింద ఒక గ్లాసు. మూడింటి మీదా ఒకేలా, నెమ్మదిగా, ఒక్కో గ్లాసుడు నీళ్ళు పోస్తాను.

చూడండి. ఉత్త మట్టి నుంచి వెంటనే కారుతోంది, అదీ బురద నీళ్ళు. ఆకుల సీసా నుంచి ఆలస్యంగా, కాస్త రంగు నీళ్ళు. గడ్డి ఉన్నదాని నుంచి ఇప్పుడిప్పుడే చుక్కలు పడుతున్నాయి, దాదాపు తేటగా ఉన్నాయి.

ఎందుకిలా? వాన చుక్క ఉత్త మట్టిని గట్టిగా కొడుతుంది. మట్టి పలుకులు విడిపోయి పైనున్న సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. లోపలికి దారి లేక నీళ్ళు పక్కకి పారతాయి, మట్టిని కూడా పట్టుకుపోతాయి. ఆకులుంటే ఆ దెబ్బ అవి కాస్తాయి. వేళ్ళయితే మట్టిని పట్టుకోవడమే కాకుండా నీళ్ళకి లోపలికి దారి చేస్తాయి. ఇది మీరు చెప్పక్కర్లేదు, ఊరికే అడగండి: "మూడో గ్లాసు ఎందుకు తేటగా ఉంది?" అని. హాల్లో సగం మంది చెప్పేస్తారు. అన్నట్టు, గడ్డి విత్తనాలు కనీసం మూడు వారాల ముందు చల్లుకోండి. నేనొకసారి మూడు రోజుల ముందు చల్లి, రెండు ఉత్త మట్టి సీసాలతో నిలబడ్డాను.

గ్లాసులు చూశాక లెక్క చెప్పండి, అప్పుడు ఎక్కుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు. అందులో కొంత తడికీ, ఆవిరికీ పోతుందనుకున్నా మిగతాదంతా ఎక్కడికో పోవాలి కదా? ఆ మెట్ల దగ్గరికి చేరుతున్న నీళ్ళు ఇవే. డాబాకీ మెట్లకీ మధ్య సిమెంటు లేని నేల ఎంత ఉంది? మొదటి రోజు నేను చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ మొదలవుతుంది.

ఇక మాట తీరు. ఇందులో మనం అందరం చేసే తప్పు ఒకటుంది. "ఎవరూ పట్టించుకోవడం లేదు, అందరూ చెత్త రోడ్డు మీదే పడేస్తున్నారు" అంటాం. బాధతోనే అంటాం. వినేవాడికి ఏం వినపడుతుందంటే, "ఓహో, అందరూ పడేస్తున్నారన్నమాట." అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే నేషనల్ పార్కు ఉంది, కోట్ల ఏళ్ళ కిందట రాయిగా మారిన చెట్ల పార్కు. రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. చాలామంది ఆ రాయి చెట్ల ముక్కలు పట్టుకుపోయారని, దానివల్ల అడవి పాడవుతోందని రాసిన బోర్డు ఉన్నప్పుడు, ఆ బృందం గుర్తు పెట్టి దారిలో ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం పోయాయి. దయచేసి తీయకండి అని రాసినప్పుడు 2 శాతం లోపే. కాబట్టి ఆ వీధిలో తడి చెత్త వేరు చేస్తున్న ఇల్లు ఒక్కటి ఉన్నా దాన్ని వెతికి పట్టుకోండి. వాళ్ళనే ఐదు నిమిషాలు మాట్లాడించండి. మీ గంట కంటే ఆ ఐదు నిమిషాలే పనిచేస్తాయి.

తడి చెత్త మాట వస్తే కంపోస్టు వాసన గురించి తప్పకుండా అడుగుతారు. వాసన వస్తోందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని అర్థం. ఎండుటాకులు కలపాలి, తిరగేయాలి. కొలతగా చెప్పాలంటే ఒక గిన్నె తడికి రెండు మూడు గిన్నెల పొడి. తగలబెడుతున్న ఆకులన్నీ ఇక్కడికి రావాలి. అంతే, దీని మీద ఎక్కువసేపు ఉండకండి.

కష్టమైన ప్రశ్నలు వేరే ఉంటాయి. "అందరికీ గుడ్డ సంచులు పంచుదామా?" అని ఎవరో ఒకరు ఉత్సాహపడతారు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో లెక్కలు కట్టింది. వాతావరణం మీద ప్రభావం ఒక్కటే చూసినా, నూలు సంచిని 50 సార్లకు పైగా వాడితేనే అది ప్లాస్టిక్ సంచి కంటే మేలు. పర్యావరణం మీద మిగతా ప్రభావాలన్నీ కూడా లెక్కేస్తే ఆ అంకె వేలల్లోకి పోతుంది. చెత్తలో పడ్డ ప్లాస్టిక్ చేసే హాని ఈ లెక్కలో లేదు, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. సారాంశం, ఇంట్లో ఉన్న సంచినే చిరిగేదాకా వాడమనండి. కొత్తవి పంచొద్దు. ఫొటోకి బాగుంటాయి గానీ...

"మొక్కలు నాటుదామా?" ఇది రెండోది. నాటొచ్చు, కానీ ఎక్కడ, ఏవి అని ముందు అడగాలి. సహజంగా గడ్డి నేలలైన చోట, తడి నేలల్లో చెట్లు నింపేస్తే అక్కడే బతికే పక్షులకీ పురుగులకీ చోటు పోతుంది. దోమల కోసం గంబూసియా చేపల్ని చెరువుల్లో వదలడం కూడా అలాంటిదే. బయటి నుంచి వచ్చి పాతుకుపోయి ప్రపంచంలో అత్యంత హాని చేసే వంద జీవుల జాబితాలో ఆ చేప ఉంది. దోమ పిల్లల్ని తూనీగ పిల్లలు కూడా తింటాయి, అవి ఇక్కడివే.

తెలియని ప్రశ్న వస్తే తెలీదనండి. రాసుకుని, వారంలో చెబుతాననండి. చెప్పండి కూడా.

చివర్లో ప్రతిజ్ఞలు చేయించకండి. చేతులెత్తిస్తే అందరూ ఎత్తుతారు, మెట్లు దిగేసరికి మర్చిపోతారు. ఒకే ఒక్క పని అడగండి, రోజు, టైము, చోటు చెప్పి: "ఆదివారం ఏడింటికి గేటు పక్క చెట్టు కింద ఆకులు పరుస్తున్నాం." నలుగురొస్తే చాలు.

సరే, మన సీసా చూద్దాం. అడుగున ఈ పొర చూశారా, ఇది ఇసుక. నిమిషంలోనే దిగిపోయింది. పైన తేలుతున్నవి ఎండు వేళ్ళు, ఆకు ముక్కలు. మధ్యలో నీళ్ళింకా కలగా పులగంగానే ఉన్నాయి. సన్న ఒండ్రు దిగడానికి గంటలు పడుతుంది, బంకమట్టికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే మీ ప్రసంగం అయిపోయినా ఇది అవ్వదు. అందుకే నేను దీన్ని ఇంటికి తెచ్చుకోను. వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరి చేతికిచ్చి, కిటికీలో పెట్టి రేపు ఇదే టైముకి ఫొటో పంపమంటాను. సాధారణంగా రాత్రే పంపేస్తారు, "ఇంకా దిగలేదండీ" అని.