హైస్కూల్ పిల్లలకు ఏ ఇంగ్లీషు నవల పెడదాం?

[తెర మీద: పర్లాకిమిడి స్టేషన్, వెనకాల కొండలు. ఆపైన వీడియో పేరు.]

నమస్కారమండీ. పర్లాకిమిడి, గునుపురం, రాయగడ, బరంపురం వైపు హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పే మాస్టార్ల కోసం, మేడమ్‌ల కోసం ఈ వీడియో చేస్తున్నాను. ఇంట్లో పిల్లలకు ఒక మంచి ఇంగ్లీషు పుస్తకం కొనిపెట్టాలనుకునే అమ్మానాన్నలకు కూడా పనికొస్తుంది.

ఎనిమిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా పిల్లల చేత క్లాసులో ఒక ఇంగ్లీషు నవల పూర్తిగా చదివించాలనుకుందాం. ఏది ఎంచుకోవాలి? మనకు నచ్చిన నవలా? మనం డిగ్రీలో చదివిన నవలా? పేరున్న నవలా? ఈ మూడూ కాదంటాను. ఎందుకో చెబుతాను.

ముందు మన పిల్లల సంగతి చూడండి. ఇంట్లో తెలుగు. వీధిలోకి వెళ్తే ఒడియా. కొండ ఊళ్ల నుంచి వచ్చిన స్నేహితులుంటే సవర మాటలు కూడా నాలుగు వస్తాయి. సినిమాల్లో, ఫోన్లో హిందీ. వీటన్నిటి తర్వాత ఇంగ్లీషు. పద్నాలుగేళ్ల పిల్ల మూడు భాషల్లో బేరమాడగలదు, గొడవ పడగలదు, అబద్ధం పట్టుకోగలదు. అదే పిల్ల ఇంగ్లీషులో మాత్రం ఎనిమిదేళ్ల పిల్ల చదివే వాక్యం దగ్గరే తడబడుతుంది.

అంటే బుద్ధి వయసు ఒకటి, ఇంగ్లీషు వయసు ఇంకొకటి. నవల ఎంచుకోవడంలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. ఇంగ్లీషు వయసు చూసి కుందేలు, తాబేలు కథ చేతిలో పెడితే పిల్లలకు చిన్నతనంగా ఉంటుంది. "మమ్మల్ని ఇంతేననుకున్నారా" అనిపిస్తుంది, పుస్తకం మీదే కోపం వస్తుంది. పోనీ బుద్ధి వయసు చూసి పాత కాలపు పెద్ద నవల ఇస్తే మొదటి పేరా దాటరు. ఒకప్పుడు సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి పిల్లల జాబితాలో 'గలివర్స్ ట్రావెల్స్' ఉండేది, అదీ కుదించనిది. అది 1726లో వచ్చిన పుస్తకం. గొప్ప పుస్తకమే, నాకు చాలా ఇష్టం. కానీ ఆ వాక్యాల పొడవు చూస్తే మన పిల్లలు గైడు కొనుక్కోక ఏం చేస్తారు?

[తెర మీద పెద్ద అక్షరాలతో: వాక్యం తేలిగ్గా ఉండాలి. విషయం బరువుగా ఉండాలి.]

నేను చెప్పదలచుకున్నది ఇదే. వాక్యం తేలిగ్గా ఉండి విషయం బరువైన నవలలు కావాలి. అలాంటివి ఉన్నాయి.

పర్లాకిమిడిలో కూర్చుని ఈ మాట అంటున్నాను కాబట్టి గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన ఇక్కడే పాఠాలు చెప్పారు, సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకున్నారు. బళ్లో పుస్తకం జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పోరాటం తెలుగు కోసం. ఇంగ్లీషు పుస్తకం ఎంచుకునేటప్పుడు కూడా నేను అదే చూస్తాను. ఇవాళ మనుషులు మాట్లాడుకునే ఇంగ్లీషుకు దగ్గరగా ఉందా, లేదా?

సరే, పుస్తకాల్లోకి వెళ్దాం.

[తెర మీద: ఒక నల్లబల్ల. పది మామిడికాయల బొమ్మ.]

నన్ను ఒక్క నవల పేరు చెప్పమంటే ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' చెబుతాను. 1935లో వచ్చింది. సోమవారం పొద్దున్నే మొదలవుతుంది, స్వామినాథన్‌కు కళ్లు తెరవాలని లేదు. ఈ మొదటి పేజీకి తొమ్మిదో తరగతిలో ఎవరికీ వివరణ అక్కర్లేదు.

అందులో ఒక చోటు చూపిస్తాను. స్వామి వాళ్ల నాన్న ఒక లెక్క ఇస్తాడు. రాముడి దగ్గర పది మామిడికాయలున్నాయి, వాటితో పదిహేను అణాలు సంపాదించాలనుకుంటున్నాడు. కృష్ణుడికి నాలుగే కావాలి. కృష్ణుడు ఎంత ఇవ్వాలి? స్వామికి లెక్క కదలదు. ఆ కాయలు పండాయో లేదో తెలియకుండా ధర ఎలా చెప్పడమని వాడి సందేహం. నాన్న ముందు గుండెలు దడదడలాడుతున్నా, వాడి బుర్ర మాత్రం రాముడు, కృష్ణుడు ఎలాంటివాళ్లు అన్న దాని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

ఈ పేజీ క్లాసులో చదవండి. మార్కెట్లో కూరగాయలమ్మే ఇంటి పిల్లవాడు ఒకడైనా ఉంటాడు కదా, వాడు వెంటనే స్వామి పక్షం తీసుకుంటాడు. పచ్చికాయకూ పండుకూ ఒకే ధర ఎక్కడుంటుందండీ? లెక్కల్లో చురుకైన పిల్ల లేచి ఆరణాలని చెబుతుంది. అణా అంటే ఏమిటని ఇంకొకరు అడుగుతారు. రూపాయికి పదహారని ఇంటికెళ్లి నానమ్మను అడిగి తెలుసుకోమనండి. ఒక్క పేజీకే క్లాసులో ఇంత సందడి. వాక్యాలు చూస్తే, ఏడో తరగతి ఇంగ్లీషు వచ్చినవాళ్లకు చాలు. విషయం మాత్రం నాన్నంటే భయం, చదువంటే భయం, తనలో తాను ఆలోచించుకునే పిల్లవాడి ఒంటరితనం. పదిహేనేళ్లవాళ్లకు ఇవేవీ చిన్నపిల్లల విషయాలు కావు.

చివరికొచ్చేసరికి నవల ఇంకా లోతుకు వెళ్తుంది. స్వామి క్రికెట్ మ్యాచ్‌కు అందకుండా పోతాడు, ప్రాణ స్నేహితుడు రాజమ్ మాట్లాడటం మానేస్తాడు, తర్వాత వాళ్ల నాన్నకు బదిలీ అయి ఊరు వదిలి వెళ్లిపోతాడు. రాజమ్ ఉత్తరం రాస్తాడని ఇంకో స్నేహితుడు మణి ధైర్యం చెబుతాడు. అది నిజమా, లేక స్వామి బాధపడకూడదని అన్న మాటా? నవల తేల్చి చెప్పదు. ఈ ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ దొరకదు, అందుకే అది మంచి ప్రశ్న. పిల్లలు తెలుగులో వాదించుకున్నా, ఒడియాలో వాదించుకున్నా ఆపకండి. వాదన తేలాక ఒక్క పేరా ఇంగ్లీషులో రాయమనండి. చెప్పాల్సింది మనసులో ఉన్నప్పుడు వాక్యం దానంతటదే వస్తుంది, తప్పులతోనైనా సరే.

[తెర మీద: నీలం గొడుగు బొమ్మ.]

ఎనిమిదో తరగతికి అది కూడా పెద్దదనిపిస్తే రస్కిన్ బాండ్ 'ది బ్లూ అంబ్రెల్లా'. కొండ ఊళ్లో బిన్యా అనే పిల్ల చిరుతపులి గోరు కట్టిన తన గొలుసు ఇచ్చి నీలం గొడుగు తెచ్చుకుంటుంది. కొట్టు నడిపే రామ్ భరోసా ఆ గొడుగు మీద ఆశపడతాడు. వందపేజీలు కూడా ఉండదు. గజపతి, రాయగడ కొండల మీద పెరిగిన పిల్లలకు ఆ వాన, ఆ దారి, ఆ చిన్న కొట్టు కొత్తవి కావు.

[తెర మీద: గోపాల్‌పూర్ తీరం, పడవలు, వలలు.]

ఇప్పుడు గంజాం తీరం వైపు వద్దాం. గోపాల్‌పూర్ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే వాడబలిజల కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి పదో తరగతి పిల్లలకు హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' పెట్టమంటాను. 1952 నాటి నవల. ఎనభై నాలుగు రోజులుగా ఒక్క చేప కూడా పడని ముసలివాడు, అతన్ని వదలని ఒక కుర్రాడు. ముసలివాడు ఒంటరిగా దూరం వెళ్తాడు, పెద్ద మార్లిన్ గాలానికి చిక్కుతుంది. మన తీరంలో కొమ్ము కోనాం అంటారు చూడండి, ఆ జాతి. తాడు అరచేతులను కోసేస్తుంటుంది, ఎడమ చెయ్యి కొంకర్లు పోతుంది, అయినా వదలడు. తీరా తెచ్చుకునేటప్పుడు సొరలు తినేస్తాయి.

ఈ నవల చెప్పడానికి టీచరుకు సముద్రం తెలియకపోయినా ఫర్వాలేదు. క్లాసులో వెనక బెంచీలో కూర్చునే అబ్బాయికి తెలుసు. తాడు వీపు మీద నుంచి ఎందుకు వేసుకున్నాడు, పడవలో కట్టేస్తే ఏమవుతుంది, ఇవన్నీ వాడు బోర్డు దగ్గరకొచ్చి బొమ్మ గీసి చెప్పగలడు. ఇంగ్లీషు క్లాసులో వాడు అందరికంటే ఎక్కువ తెలిసినవాడయ్యే రోజు ఇది. ఆ రోజు వాడికి మనం ఇచ్చి తీరాలి.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. మధ్యలో చాలా పేజీలు ముసలివాడు తనతో తాను మాట్లాడుకోవడమే. సముద్రంతో పరిచయం లేని పిల్లలకు అక్కడ నీరసం వస్తుంది. అందుకే గునుపురం క్లాసుకు దీన్ని మొదటి నవలగా పెట్టమనను.

[తెర మీద: గోడ మీద రాసిన ఏడు ఆజ్ఞలు, ఒకటి చెరిపి మళ్లీ రాసినట్టు.]

పదకొండు, పన్నెండు తరగతులకు జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' ఉంది. 1945లో వచ్చింది, పది అధ్యాయాలు. ఆర్వెల్ పుట్టింది బీహార్‌లోని మోతీహారిలో. పిల్లలకు ఈ మాట చెబితే కాస్త దగ్గరివాడిలా కనిపిస్తాడు. జంతువులు యజమానిని తరిమేసి ఏడు ఆజ్ఞలు గోడ మీద రాసుకుంటాయి. తర్వాత ఒక్కో ఆజ్ఞా రహస్యంగా మారిపోతుంటుంది. దీన్ని చదివించేటప్పుడు మొదటి రోజే రష్యా చరిత్ర, స్టాలిన్ అంటూ మొదలుపెట్టకండి. పిల్లలు ముందు బాక్సర్ అనే గుర్రాన్ని ప్రేమించాలి. ఎంత చాకిరీ చేసిన గుర్రాన్ని చివరికి ఎలా పంపించేశారో చదివి కోపం తెచ్చుకోవాలి. ఆ కోపం వచ్చాక, ఇదంతా ఎక్కడ జరిగిందని వాళ్లే అడుగుతారు. చరిత్ర అప్పుడు చెప్పండి.

మన ప్రాంతం నవల గురించి చెప్పకుండా ఎలా? గోపీనాథ్ మొహంతి ఒడియాలో రాసిన 'పరజా' కోరాపుట్ కొండల కథ. ఇంగ్లీషు అనువాదం ఉంది. సుక్రు జానీ కుటుంబం జరిమానాతో, అప్పుతో, వెట్టితో ఎలా చితికిపోయిందో అందులో చూస్తాం. చివరి ఏడాది పిల్లలకు సరిపోతుంది, అంతకంటే చిన్నవాళ్లకు వద్దు. ఆడపిల్లల మీద జరిగే అన్యాయం, హింస ఉన్నాయి కాబట్టి టీచరు ముందు పూర్తిగా చదివి తీరాలి. క్లాసులో ఆ కొండల నుంచి వచ్చిన పిల్లలుంటే వాళ్లను ఉదాహరణగా నిలబెట్టి ప్రశ్నలడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి, అంతే.

అమెరికా స్కూళ్లలో చాలాకాలంగా చదివించే 'ది అవుట్‌సైడర్స్' కూడా తొమ్మిది, పది తరగతులకు బాగుంటుంది. ఎస్.ఈ. హింటన్ దాన్ని హైస్కూల్లో ఉండగానే రాసింది. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. తల్లిదండ్రులు లేని ముగ్గురు అన్నదమ్ములు, పేద కుర్రాళ్లకూ డబ్బున్న కుర్రాళ్లకూ మధ్య కొట్లాటలు. యాస మాటలు కొన్ని అర్థం కావు గానీ కథ ఆగదు.

[తెర మీద: ఒక పేజీ, ఐదు పదాల కింద గీతలు.]

పుస్తకం తేలికో కష్టమో కొనకముందే ఎలా తెలుసుకోవాలి? హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరి సాయం లేకుండా కథను హాయిగా అర్థం చేసుకోవాలంటే నూటికి దాదాపు 98 పదాలు తెలిసి ఉండాలి. అంటే 250 పదాల పేజీలో తెలియనివి ఐదు. ఒక పేజీ జిరాక్స్ తీసి పిల్లలకివ్వండి, తెలియని పదం కింద గీత గీయమనండి. పరీక్ష కాదని గట్టిగా చెప్పండి, లేకపోతే భయపడి ఒక్క గీత కూడా గీయరు. క్లాసులో మీరు పక్కనే ఉంటారు కాబట్టి పేజీకి పది, పన్నెండు దాకా నెట్టుకురావచ్చు. ఇరవై గీతలొస్తే ఆ పుస్తకం ఈ ఏడాదికి వద్దు.

దీనికంటే నేను ఎక్కువ నమ్మేది ఇంకొకటుంది. మూడు నవలలు తీసుకోండి. పేరు చెప్పకండి, అట్ట చూపించకండి. ఒక్కోదాని మొదటి రెండు పేజీలు మీరే పైకి చదవండి. తర్వాత ఏమవుతుందో ఏది తెలుసుకోవాలనుంది అని చీటీల మీద రాయించండి. పిల్లలు ఎంచుకున్న పుస్తకం మీకు నచ్చకపోవచ్చు. అయినా అదే పెట్టండి. నేను ఎంచుకున్న పుస్తకం అనుకుంటేనే పిల్లవాడు మధ్యలో కష్టమొచ్చినా లాక్కొస్తాడు.

పైకి చదవడం మాత్రం మానకండి. ఇంగ్లీషులో రాసినదొకటి, పలికేదొకటి. మీ గొంతులో విన్న అధ్యాయాన్ని ఇంటికెళ్లి మళ్లీ చదవడం చాలా తేలిక. అధ్యాయం చివర్లో, ఉత్కంఠ దగ్గర ఆపండి. గంట కొట్టాక "సార్, ఇంకొక్క పేజీ" అన్నారంటే మీ ఎంపిక సరైనదే.

ఇక డబ్బు సంగతి. మన దేశంలో రచయిత చనిపోయిన అరవై ఏళ్ల తర్వాత కాపీరైట్ ఉండదు. ఆర్వెల్ 1950లో, హెమింగ్వే 1961లో పోయారు కాబట్టి ఆ రెండు పుస్తకాలూ ఇక్కడ స్వేచ్ఛగా అచ్చేసుకోవచ్చు, చవక ముద్రణలూ దొరుకుతాయి. నారాయణ్ 2001లో పోయారు, ఆయన పుస్తకాలు కొనాల్సిందే. పాత పుస్తకాల షాపుల్లోనూ వెతకండి. ఇద్దరు పిల్లలకు ఒక కాపీ చాలు, ఒకరు పైకి చదివితే ఇంకొకరు వింటారు. నలుగురికొకటి మాత్రం వద్దు, ఇద్దరే చదువుతారు.

కుదించిన గ్రేడెడ్ రీడర్లు పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో చదువుకోవడానికి మంచివే. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వార్మ్స్‌లో మూడో స్టేజి వెయ్యి మూల పదాలతోనే ఉంటుంది, సెలవుల్లో ఇవ్వండి. క్లాసులో మాత్రం అసలు పుస్తకమే చదివించండి, చిన్నదైనా సరే. రచయిత గొంతు పిల్లల చెవిన పడాలి.

నవలలు చదివితే మార్కులు పోతాయని భయపడే తల్లిదండ్రులను ఒక రోజు క్లాసుకు పిలవండి. మామిడికాయల పేజీ చదివే రోజైతే ఇంకా మంచిది.

మీ స్కూల్లో ఏ నవల పెట్టారు, ఏ తరగతికి పెట్టారు, ఏ అధ్యాయం దగ్గర పిల్లలు నీరసపడ్డారు, ఈ మూడూ కింద రాయండి. మల్కాన్‌గిరి, కోరాపుట్ వైపు టీచర్లు తప్పకుండా రాయండి. అవన్నీ కలిపి తరగతివారీగా ఒక జాబితా తయారుచేసి వచ్చే వీడియోలో పెడతాను.