2,222 కంటే ముందు: ఒంగోలు సంఘం తొలి రోజులు

అందరికీ వందనాలు. ఒంగోలు బాప్టిస్టు సంఘం అనగానే మన నోట ముందుగా వచ్చేది 2,222. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే అంతమందికి బాప్తిస్మం ఇచ్చారు. గొప్ప రోజే, కాదనను. కానీ ఆ లెక్క దగ్గరే ఆగిపోతే, అంతకు పదేళ్లకు పైగా ముందు నుంచే పల్లెపల్లె తిరిగిన మనవాళ్లు మరుగున పడిపోతారు.

అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు 1854 కొత్త సంవత్సరం రోజున ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేసిన సంగతి మీకు తెలిసిందే. ఆయన తర్వాత మరో అమెరికా మిషనరీ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు, 1867 జనవరి 1న సంఘం ఏర్పడింది. సభ్యులు ఎంతమంది? 8 మంది!

ఇక్కడ యెర్రగుంట్ల పేరయ్య గురించి చెప్పాలి. తోళ్ల బేరం చేసే మాదిగ ఆయన, ఊరు తాళ్ళకొండపాడు. 1866లో భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు, ఆ తర్వాత ఆయన తన ఊళ్లో ఊరికే కూర్చోలేదు, చుట్టుపక్కల మాదిగపల్లెలన్నీ తిరిగి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొర అక్కడికి వెళ్లేసరికి జనం మూటాముల్లె సర్దుకుని వచ్చి ఎదురుచూస్తున్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. అంటే దొర వెళ్లి విత్తలేదు, పేరయ్య పండించిన దాన్ని చూడటానికి వెళ్లాడు, నేనైతే అలాగే అంటాను.

ఒంగోలులో పెద్దకులాల వాళ్లకు ఇది నచ్చలేదు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. దొర, దొరసాని ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట, కనబడిందని క్లౌ దొరే చెప్పారు. ఇక వెనక్కి తగ్గలేదు.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి తేలికే. ఊరి పెద్దల దయ మీద బతికే మాదిగ, కోతల కాలంలో ఆదివారం పొలానికి రానంటే, జాతరలో డప్పు కొట్టనంటే ఏమవుతుందో ఆలోచించండి. బావి దగ్గరికి రానివ్వలేదు, దెబ్బలు కూడా తిన్నారు. అయినా నిలబడ్డారు.

తర్వాత 1876-78 కరువు. కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకున్నారు, మన బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు, పని ఆగినప్పుడు కూలీల మధ్య కూర్చుని వాక్యం చెప్పారు. కూడు కోసం చేరారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు పనులు అయిపోయాకే గుండ్లకమ్మ! ఆ రోజు నీళ్లలో నిలబడింది కూడా ఆరుగురు తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ ఇచ్చారు.

మీ ఇళ్లలో తాతముత్తాతల బాప్తిస్మ పత్రాలు, పాత ఫోటోలు ఉంటే వచ్చే ఆదివారం ఆరాధనకు తీసుకురండి. ఫోన్‌లో ఫోటో తీసుకుని అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.