నోటిపూతకు చైనా కషాయం: పరీక్షలో తేలిందెంత?

అందరికీ నమస్కారం.

నోట్లో పొక్కు లేస్తే మన ఇళ్లలో మొదట వినిపించే మాట "వేడి చేసింది". చైనావాళ్లదీ ఇదే మాట. "షాంగ్‌హువో" అంటారు, నిప్పు పైకెక్కిందని. మనం మజ్జిగ తాగమంటాం, వాళ్లు చామంతి టీ తాగమంటారు.

నేను చెప్పబోయే కషాయాన్ని దాదాపు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిపెట్టాడు, అదీ కడుపు ఉబ్బరానికి. జపాన్ చేరాక దాని పేరు హాంగేషాషింతో అయింది. ఏడు దినుసులు. పినెలియా దుంప, స్కుటెలారియా, కాప్టిస్, జిన్సెంగ్ మనకు కొత్త. శొంఠి, అతిమధురం మన డబ్బాల్లోవే. ఏడోది మన రేగుపండుకి చుట్టం.

కీమోథెరపీలో చాలామందికి నోరంతా పుండవుతుంది. దానికి ఈ కషాయం పనికొస్తుందా అని చూసి, 2015లో వెలువడిన జపాన్ పరీక్షలో 90 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల లెక్క తీశారు. కొందరికి ఈ మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. బాధపెట్టే స్థాయిలో పూత వచ్చింది మందు వాడినవాళ్లలో 48.8 శాతానికి, వాడనివాళ్లలో 57.4 శాతానికి. అంత చిన్న గుంపులో ఈ తేడా కాకతాళీయం కావచ్చు. పరీక్ష పెట్టిందే పూత వచ్చేవాళ్ల సంఖ్య తగ్గుతుందా అన్న ప్రశ్న కోసం, అక్కడ మందు నెగ్గలేదు.

కానీ పూత ఉన్న రోజులు చూడండి. ఉత్తుత్తి మందుతో 10.5, దీనితో 5.5. అన్నం ముద్ద మింగలేనివాడికి ఐదు రోజులంటే మాటలా! నాకు ఆశ పుట్టింది ఇక్కడే. అయితే పొట్ట క్యాన్సర్ రోగుల మీద చేసిన ఇలాంటి పరీక్షలో ఆ తేడా గట్టిగా నిలబడలేదు.

మరి మామూలు నోటిపూతకో? ఈ ఫలితాన్ని దానికి అంటగట్టకూడదు. మళ్లీ మళ్లీ వచ్చే పూతకు లోపలికి తీసుకునే మందుల మీద జరిగిన 25 పరీక్షలను 2012లో కాక్రేన్ (వైద్య పరీక్షలన్నీ కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష చూసింది. ఫలానాది పనిచేస్తుందని ఒక్కదాన్నీ తేల్చలేకపోయింది. చిన్న పొక్కు వారం, రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. ఆ లోపు ఏది తాగితే దానికే పేరు.

అతిమధురం ఇంట్లో ఉందిగా అని రోజూ కషాయం కాచుకోకండి. ఎక్కువగా, ఎక్కువ రోజులు తీసుకుంటే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. ఇక మూడు వారాలైనా మానని పుండుంటే, అందులోనూ గుట్కా అలవాటుంటే, దాన్ని వేడి అనుకోకండి. డాక్టరుకు చూపించండి.